పొగతోనే ఇంజిన్‌కి ఊపిరి పోశారు.. టర్బోచార్జర్ తండ్రి ఆల్‌ఫ్రెడ్ బ్యూకి కథ తెలుసా?

చిన్న కారు కొందామని షోరూమ్‌కి వెళ్తే ఇప్పుడు తప్పకుండా వినిపించే మాట టర్బో. మామూలు ఇంజిన్ అయితే ఒక ధర, టర్బో ఇంజిన్ అయితే ఇంకో ధర. లారీల మీద పెద్ద అక్షరాలతో రాసిన టర్బో అనే పేరు కూడా మనకి కొత్తేం కాదు. కానీ ఆ మాట వెనకున్న మనిషి పేరు అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు.

ఆయన పేరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి. స్విట్జర్లాండ్‌కి చెందిన ఇంజినీర్. ఇంజిన్ల ప్రపంచంలో పరిచయం అక్కర్లేని పేరు. పొగగొట్టం గుండా గాల్లో కలిసిపోయే వేడి వాయువుని పట్టుకుని, దానితోనే ఇంజిన్ బలం పెంచొచ్చని 26 ఏళ్ల వయసులో పేటెంట్ వేశారు. అది నిజంగా పనిచేస్తుందని లోకానికి చూపించడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది. టర్బో కార్లు షోరూమ్‌కి వచ్చేసరికి మాత్రం ఆయన లేరు. ఇంతకీ ఎవరీ బ్యూకి? సూపర్‌చార్జర్ అనే తేలికైన దారి ఎదురుగా ఉన్నా, కష్టమైన దారినే ఎందుకు పట్టుకున్నారు?

పుట్టిందే యంత్రాల ఊళ్లో..

1879 జులై 11న జ్యూరిక్ దగ్గర్లోని వింటర్‌టూర్‌లో బ్యూకి పుట్టారు. అప్పట్లో అది ఫ్యాక్టరీల ఊరు. ఆవిరి ఇంజిన్లు, పంపులు తయారుచేసే సుల్జర్ కంపెనీ అక్కడిదే. రైలు ఇంజిన్లు తయారుచేసే ఎస్‌ఎల్‌ఎం కంపెనీ కూడా ఆ ఊరిదే. బ్యూకి తండ్రి సుల్జర్‌లోనే పెద్ద హోదాలో పనిచేసేవారు. అలా యంత్రాల మధ్యే ఆయన బాల్యం గడిచింది.

1899లో జ్యూరిక్‌లోని ఫెడరల్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరారు. ఇప్పుడు ఈటీహెచ్ అని పిలిచే సంస్థ అదే. ఐన్‌స్టీన్ 1900లో చదువు పూర్తి చేసుకున్నది కూడా ఇక్కడే. 1903లో పట్టా చేతికొచ్చాక బ్యూకి బెల్జియం, ఇంగ్లండ్‌లలో ఉద్యోగాలు చేశారు. డీజిల్ ఇంజిన్ అప్పుడప్పుడే బయట కాలు పెడుతున్న రోజులవి.

ఇంధనంలో సగానికి పైగా వృథానే!

బ్యూకి ఆలోచన అర్థం కావాలంటే ముందు ఒక చిన్న లెక్క చూడాలి. ఇంజిన్‌లో తగలబెట్టిన ఇంధనం శక్తిలో చక్రాల దాకా చేరేది తక్కువే. సుమారుగా మూడో వంతు పొగతో పాటు వేడిగా బయటికి పోతుంది. ఇంకో పెద్ద భాగాన్ని రేడియేటర్ లాగేస్తుంది. అంటే మనం బంకులో కట్టిన డబ్బులో సగానికి పైగా గాలిని వేడెక్కించడానికే ఖర్చవుతోందన్నమాట.

రెండో సంగతి గాలి. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. వెయ్యి సీసీ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే మహా అయితే ఒక లీటర్ గాలి పీల్చగలదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగినా 1,500 లీటర్లే. గాలి ఎంతో ఇంధనం అంతే. ఇంధనం ఎంతో బలం అంతే. అందుకే ఎక్కువ బలం కావాలంటే అప్పట్లో పెద్ద సిలిండర్లు వేసేవారు. దాంతో ఇంజిన్ బరువు పెరిగేది, ఖర్చూ పెరిగేది.

దీనికి ఒక కిటుకు ఉంది. గాలిని ముందే నొక్కి, చిక్కగా చేసి సిలిండర్‌లోకి పంపితే చాలు. చిన్న ఇంజిన్ కూడా పెద్ద ఇంజిన్‌లా పనిచేస్తుంది. గాలిని నొక్కడానికి శక్తి ఎక్కణ్నుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న.

సూపర్‌చార్జర్.. అప్పటికే ఉన్న దారి

ఈ ప్రశ్నకి బ్యూకి కన్నా ముందే ఒక జవాబు ఉంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు 1860లో గాలిని తోసే బ్లోయర్‌కి పేటెంట్ తీసుకున్నారు. కొలిమిలోకి గాలి ఊదడానికి దాన్ని వాడేవారు. 1885లో గాట్‌లీబ్ డైమ్లర్ ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా పంపే పద్ధతికి పేటెంట్ వేశారు. 1902లో ఫ్రాన్స్‌లో లూయీ రెనో మరో పద్ధతికి పేటెంట్ వేశారు.

వీటన్నిటిలో సూత్రం ఒకటే. ఇంజిన్ తిరిగే బలంలోంచే కొంత తీసుకుని గాలి పంపుని తిప్పడం. బెల్ట్ ద్వారానో, గేర్ల ద్వారానో. దీన్నే మనం సూపర్‌చార్జర్ అంటున్నాం. యాక్సిలరేటర్ తొక్కగానే స్పందిస్తుంది. ఆలస్యమే ఉండదు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఆ పంపు తిరగడానికి కావాల్సిన బలం ఇంజినే ఇవ్వాలి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

1905 నవంబర్ 16.. ఆ పేటెంట్‌లో ఏముంది?

బ్యూకి ఈ లెక్కని తిరగేశారు. ఇంజిన్ బలాన్ని ముట్టుకోకుండా, ఎలాగూ పారేస్తున్న పొగ శక్తినే వాడుకుంటే? పొగ దారిలో ఒక టర్బైన్ పెట్టాలి. పొగ వేగానికి అది గిర్రున తిరుగుతుంది. దానితో కలిపి ఉన్న కంప్రెసర్ బయటి గాలిని నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. 1905 నవంబర్ 16న జర్మనీలో ఈ ఆలోచనకి పేటెంట్ దరఖాస్తు చేశారు. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే ప్రతి టర్బో కారుకి మూలం అక్కడే ఉంది.

కాగితం మీద అంతా బాగానే ఉంది. అసలు కష్టం వర్క్‌షాప్‌లో మొదలైంది. ఆ రోజుల్లో కంప్రెసర్లు అంత సమర్థంగా పనిచేసేవి కావు. వందల డిగ్రీల వేడిని తట్టుకుంటూ వేల చుట్లు తిరగగల లోహాలు దొరికేవి కావు. పైగా మరో చిక్కు. పొగ దారిలో టర్బైన్ అడ్డంగా ఉంటే ఇంజిన్‌కి పొగని బయటికి తోయడమే కష్టమవుతుంది. ముక్కు మూసి ఊపిరి వదలమన్నట్టు ఉంటుంది ఇంజిన్ పరిస్థితి.

20 ఏళ్ల పోరాటం

1909లో బ్యూకి సొంతూరికి తిరిగొచ్చి సుల్జర్‌లో చేరారు. డీజిల్ ఇంజిన్ల పరిశోధన బాధ్యత చూశారు. 1911లో ప్రయోగాలు మొదలయ్యాయి. 1915లో టర్బో పెట్టిన తొలి నమూనా ఇంజిన్ సిద్ధమైంది. కానీ ఫలితాలు ఆశించినట్టు రాలేదు. టర్బైన్ల తయారీలో పేరున్న బ్రౌన్ బోవెరీ కంపెనీ సాయం అడిగితే, అప్పట్లో వాళ్లు ముందుకు రాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. పేటెంట్ వేసి పదేళ్లయింది. చేతిలో ఉన్నది సరిగ్గా పనిచేయని ఇంజిన్. పేటెంట్ అనేది ఎల్లకాలం ఉండేది కాదు, గడువు తీరిపోయే హక్కు. సూపర్‌చార్జర్ అయితే అప్పటికే పనిచేస్తోంది. ఈ పరిస్థితుల్లో ఎవరైనా దారి మార్చుకుంటారు. బ్యూకి మార్చుకోలేదు. ఎక్కడ తేడా కొడుతోందో వెతకడం మొదలుపెట్టారు.

అదే సమయంలో మొదటి ప్రపంచ యుద్ధం టర్బోకి మరో అవసరం సృష్టించింది. విమానం ఎంత పైకి వెళ్తే గాలి అంత పల్చబడుతుంది, ఇంజిన్ నీరసపడుతుంది. ఫ్రాన్స్‌లో ఆగస్ట్ రాటో విమాన ఇంజిన్లకి టర్బో అమర్చే ప్రయత్నాలు చేశారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్ శాన్‌ఫర్డ్ మాస్ 1918లో ఏకంగా విమాన ఇంజిన్‌ని కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ మీదికి ఎక్కించి పరీక్షించారు. సుమారు 4,300 మీటర్ల ఎత్తు అది. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ అక్కడ టర్బో లేకుండా 230కి పడిపోయింది. టర్బో పెట్టగానే మళ్లీ 356కి చేరింది. బ్యూకి ఆలోచనలో తప్పు లేదని ఆ కొండ మీద తేలిపోయింది.

1925.. చిక్కుముడి వీడింది

బ్యూకి కనిపెట్టిన పరిష్కారం వింటే చాలా మామూలుగా అనిపిస్తుంది. పొగ ఇంజిన్ నుంచి ఒకే ధారగా రాదు, గుండె కొట్టుకున్నట్టు దడదడమంటూ విడతలుగా వస్తుంది. అన్ని సిలిండర్ల పొగనీ ఒకే గొట్టంలో కలిపేస్తే ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డుపడుతుంది. అందుకని ఏ సిలిండర్లు ఒకదానికొకటి అడ్డురావో చూసి, వాటి గొట్టాలని విడివిడిగా టర్బైన్ దాకా తీసుకెళ్లారు. దాంతో ప్రతి విడతలోని ఊపు నేరుగా టర్బైన్‌కి తగులుతుంది. రెండు విడతల మధ్య గొట్టంలో ఒత్తిడి తగ్గిపోతుంది.

సరిగ్గా ఆ క్షణంలో గాలి లోపలికి వచ్చే వాల్వు, పొగ బయటికి పోయే వాల్వు రెండూ కాసేపు తెరిచి ఉండేలా చేశారు. నొక్కిన తాజా గాలి సిలిండర్‌లో మిగిలిన పొగని ఊడ్చేస్తుంది. వేడెక్కిన వాల్వులు, పిస్టన్ చల్లబడతాయి. ఒకే దెబ్బకి రెండు సమస్యలు తీరాయి. 1925లో దీనికి పేటెంట్ వేశారు.

అంతకుముందే బ్రౌన్ బోవెరీ మనసు మార్చుకుంది. 1924లో ఆ కంపెనీ తొలి టర్బోచార్జర్ ఫ్యాక్టరీ గడప దాటింది. ఇక అసలు పరీక్ష జర్మనీలో జరిగింది. ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాన్సిగ్ అనే రెండు ప్రయాణికుల ఓడల్లో 10 సిలిండర్ల డీజిల్ ఇంజిన్లకి బ్యూకి పర్యవేక్షణలో టర్బోలు అమర్చారు. అంతకుముందు 1,750 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ 2,500 ఇచ్చింది. సిలిండర్ సైజు మారలేదు, సంఖ్య మారలేదు. బలం మాత్రం 40 శాతానికి పైగా పెరిగింది. పేటెంట్ వేసినప్పుడు 26 ఏళ్ల కుర్రాడు.. ఇది చూసేసరికి 47కి దగ్గరపడ్డారు.

రేసు కారుకి ఒకటి.. ఓడకి ఇంకొకటి

ఆసక్తికరమైన విషయం ఏంటంటే, అదే 1920లలో కార్ల ప్రపంచం మాత్రం సూపర్‌చార్జర్ వైపు వెళ్లింది. 1921లో బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ సూపర్‌చార్జర్ కార్లు చూపించింది. బుగట్టి, ఆల్ఫా రోమియో రేసు కార్లు కూడా అదే బాట పట్టాయి. ఇంగ్లండ్‌లో బ్లోయర్ బెంట్లీ పుట్టింది. ఇంజిన్‌కి సూపర్‌చార్జర్ తగిలించడం కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకి అస్సలు నచ్చలేదు. ఆయన నమ్మకం పెద్ద ఇంజిన్ మీదే. 1930 లీమాన్స్ రేసులో గెలిచింది కూడా సూపర్‌చార్జర్ లేని పెద్ద బెంట్లీయే.

ఎందుకీ తేడా? ఓడ ఇంజిన్ గంటల తరబడి ఒకే వేగంతో తిరుగుతుంది. టర్బైన్ వేగం అందుకోవడానికి కాస్త టైమ్ పట్టినా ఎవరికీ నష్టం లేదు. ఇంధనం మిగిలితే చాలు, యజమానికి లాభమే. రేసు కారు అలా కాదు. మలుపు మలుపుకీ బ్రేకు, మళ్లీ యాక్సిలరేటర్. తొక్కిన వెంటనే బలం రావాలి. పొగ పెరిగి, టర్బైన్ అందుకుని, గాలి నొక్కేదాకా ఆగే ఓపిక అక్కడ లేదు. ఈ ఆలస్యాన్నే ఇప్పుడు టర్బో ల్యాగ్ అంటున్నాం.

పైగా డీజిల్ పొగ కన్నా పెట్రోల్ పొగ ఇంకా వేడిగా ఉంటుంది. చిన్న ఇంజిన్‌కి చిన్న టర్బైన్ కావాలి. టర్బైన్ ఎంత చిన్నదైతే అంత వేగంగా తిరగాలి. అంటే బ్యూకి ఆలోచనకి అన్నిటికన్నా కఠినమైన పరీక్ష చిన్న పెట్రోల్ కారే అన్నమాట.

సొంత సంస్థ.. చివరి రోజులు

1926లో బ్యూకి సుల్జర్‌ని వదిలేశారు. బ్రౌన్ బోవెరీ, ఎస్‌ఎల్‌ఎంలతో కలిసి బ్యూకి సిండికేట్ ఏర్పాటైంది. టర్బోల తయారీ బ్రౌన్ బోవెరీది, పరీక్షలకి ఇంజిన్లు ఇవ్వడం ఎస్‌ఎల్‌ఎం పని, డిజైన్లు, కస్టమర్ల వ్యవహారం బ్యూకిది. ఓడలు, రైళ్లు, కరెంటు తయారుచేసే ఇంజిన్లు.. ఇలా ఆయన పద్ధతి ఒక్కో రంగంలోకి పాకింది. 1938లో స్విట్జర్లాండ్‌కే చెందిన సౌరర్ కంపెనీ టర్బో పెట్టిన లారీ డీజిల్ ఇంజిన్ తయారుచేసింది. మన లారీల మీద కనిపించే టర్బో అనే పేరుకి పూర్వీకుడు అదే.

1959 అక్టోబర్ 27న వింటర్‌టూర్‌లోనే బ్యూకి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 80 ఏళ్లు. ఆ తర్వాత 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వెయిర్ మోంజా స్పైడర్ అనే టర్బో కార్లు మార్కెట్లోకి వచ్చాయి. జెట్‌ఫైర్ రెండేళ్లకే ఆగిపోయింది. ఇంజిన్ దెబ్బతినకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం ప్రత్యేకంగా పోయాల్సి రావడం జనాలకి తలనొప్పిగా మారింది.

ఎగతాళి నుంచి గెలుపు దాకా..

టర్బో మీద నమ్మకం పెరగడానికి ఇంకొంత కాలం పట్టింది. ఫార్ములా వన్‌లో అప్పటి రూల్ ప్రకారం మామూలు ఇంజిన్ అయితే 3 లీటర్లు, గాలి నొక్కి పంపే ఇంజిన్ అయితే ఒకటిన్నర లీటర్లే ఉండాలి. 1977లో రెనో ఆ చిన్న ఇంజిన్‌కి టర్బో పెట్టి సిల్వర్‌స్టోన్‌లో దిగింది. పదే పదే పొగలు కక్కుతూ ఆగిపోతుంటే పసుపు రంగు టీ కెటిల్ అని నవ్వుకున్నారు. 1979లో అదే జట్టు ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో గెలిచింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే మిగతా జట్లు కూడా టర్బో బాట పట్టాయి. 1978లో సాబ్ 99 టర్బో, మెర్సిడెస్ 300 ఎస్‌డీ టర్బో డీజిల్ రోడ్డెక్కాయి.

చిన్న కార్ల విషయంలో మాత్రం సూపర్‌చార్జర్, టర్బోల పోటీ చాలా కాలం నడిచింది. 1989లో నిస్సాన్ మార్చ్ సూపర్ టర్బో అనే బుల్లి కారులో 930 సీసీ ఇంజిన్‌కి రెండూ కలిపి పెట్టేసింది! 2005లో ఫోక్స్‌వ్యాగన్ 1.4 లీటర్ ఇంజిన్‌కి ఇదే మంత్రం వేసి 170 హార్స్‌పవర్ రాబట్టింది. తక్కువ వేగంలో సూపర్‌చార్జర్, వేగం పెరిగాక టర్బో. అద్భుతంగా పనిచేసినా ఖర్చెక్కువ, సామాన్లు ఎక్కువ. చివరికి ఆ కంపెనీ కూడా ఒక్క టర్బోతోనే సరిపెట్టుకుంది. మన దగ్గర 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్నది 1.2 లీటర్ టర్బో ఇంజినే.

అసలైన పోలిక కావాలంటే మినీ కూపర్ ఎస్ చూడాలి. 2002లో 1.6 లీటర్ ఇంజిన్‌కి సూపర్‌చార్జర్‌తో వచ్చింది. మొదట 163, తర్వాత 170 హార్స్‌పవర్. కొత్త తరం వచ్చేసరికి అదే సైజు ఇంజిన్‌కి టర్బో పెట్టారు. బలం 175కి పెరిగింది. పాతదానిలో పూర్తి లాగుడు 4,000 చుట్ల దగ్గర దొరికితే, కొత్తదానిలో 1,600 దగ్గరే మొదలైంది. మైలేజీ కూడా మెరుగుపడింది. సూపర్‌చార్జర్ చేసే విజిల్ లాంటి శబ్దం పోయిందని ఫ్యాన్స్ బాధపడ్డారు, అది వేరే విషయం.

మరి చిన్న కారుకి ఏది బెటర్?

బ్యూకి జీవితం మొత్తం చూస్తే జవాబు దానంతట అదే దొరుకుతుంది. తొక్కగానే వచ్చే పికప్, సాదాసీదా అమరిక ముఖ్యమైతే సూపర్‌చార్జర్. తక్కువ ఇంధనంతో ఎక్కువ బలం కావాలంటే టర్బో. పెద్ద ఇంజిన్‌లో కొంత బలం బెల్ట్‌కి పోయినా తెలియదు. వెయ్యి సీసీ ఇంజిన్‌లో ప్రతి హార్స్‌పవర్‌కీ లెక్క ఉంటుంది. అందుకే కంపెనీలు టర్బో వైపు మొగ్గాయి. ల్యాగ్ సమస్యని తేలికపాటి చిన్న టర్బైన్లు, కంప్యూటర్ కంట్రోల్, సిలిండర్‌లోకి నేరుగా ఇంధనం చల్లే పద్ధతి చాలావరకు తగ్గించాయి. నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది.

అయితే టర్బో శక్తి పూర్తిగా ఫ్రీ అనుకుంటే పొరపాటే. పొగకి అడ్డుపడే టర్బైన్ ఇంజిన్ మీద కొంత భారం వేస్తూనే ఉంటుంది. చిన్న కారు టర్బో నిమిషానికి 2 లక్షల చుట్లు కూడా దాటగలదు. ఆ వేగంలో దాని షాఫ్ట్‌ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర మాత్రమే. అందుకే ఆయిల్ మార్పు ఆలస్యం చేయొద్దు. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిలే వాడాలి. హైవేలో గట్టిగా తోలిన వెంటనే ఇంజిన్ ఆపేయకుండా అర నిమిషమో, నిమిషమో ఊరికే తిరగనివ్వడం మంచిది.

ఇంకో ముఖ్యమైన మాట. మామూలు ఇంజిన్ ఉన్న కారుకి బయట టర్బో కిట్టో, సూపర్‌చార్జర్ కిట్టో పెట్టిద్దామనుకునే కుర్రాళ్లు ఉంటారు. మామూలు ఇంజిన్లు గాలిని లోపల గట్టిగానే నొక్కుతాయి. దాని మీద ముందే నొక్కిన గాలి పంపితే ఇంధనం సమయం కాకుండా మండి, పిస్టన్లే పగిలిపోవచ్చు. కంపెనీలు టర్బో ఇంజిన్‌కి పిస్టన్లు, వాల్వులు, కూలింగ్ అన్నీ వేరుగా డిజైన్ చేసేది అందుకే. వారంటీ పోతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిలో ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయడం కుదరదు కూడా. బలం కావాలంటే టర్బోతో వచ్చిన కారే కొనుక్కోవడం తెలివైన పని.

బ్యూకి 1905లో గీసిన బొమ్మలో ఇంజిన్, టర్బైన్, కంప్రెసర్ మూడూ ఒకే షాఫ్ట్ మీద ఉన్నాయి. ఇప్పటి కారులో టర్బైన్, కంప్రెసర్ ఇంజిన్ నుంచి విడిపోయి అరచేతిలో పట్టేంత సైజుకి వచ్చేశాయి. పోయే పొగతోనే వచ్చే గాలిని నొక్కాలన్న ఆలోచన మాత్రం 120 ఏళ్లుగా మారలేదు. ఈసారి షోరూమ్‌లో సేల్స్‌మన్ టర్బో గురించి చెబుతుంటే, వింటర్‌టూర్ ఇంజినీర్ పేరు ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ సేల్స్‌మన్‌కి కూడా చెప్పండి.